పైపు గ్యాస్ వచ్చాక మంట సన్నగా ఉందా? విశాఖ వంటిళ్ళకు సమస్య - పరిష్కారం

మన దేశం వంటకు వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతి చేసుకున్నదే. పైపుల్లో వచ్చే సహజవాయువేమో మన తీరానికి దగ్గరలోనే, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉంది. అక్కడ గ్యాస్ తీసే కేజీ-డీ6 అనే బ్లాకులో ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో మొదలైంది. అందుకే విశాఖలో వంటిళ్ళు పైపు గ్యాస్‌కు మారడం రాష్ట్రానికీ మేలు. అయితే కొత్త కనెక్షన్‌ను సిలిండరు అలవాట్లతో వాడితేనే చిక్కులు వస్తాయి.

గ్యాస్ వాసన వస్తోంది

సిలిండరు గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్. తేలికైనది, పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు. స్టవ్ నాబ్‌లు, మీటరు దగ్గరి వాల్వు మూసి కిటికీలు, వెంటిలేటర్ తెరవండి. ఏ స్విచ్చూ వేయవద్దు, ఆపవద్దు. ఇంటి బయటికి వచ్చాకే బిల్లు మీద ఉన్న అత్యవసర నంబరుకు ఫోను చేయండి. దోమల భయంతో వెంటిలేటర్‌ను అట్టముక్కతో మూసినవారు ఈరోజే దాన్ని తీసేసి జాలీ పెట్టించండి.

మంట సన్నగా ఉంది, అన్నం ఆలస్యంగా ఉడుకుతోంది

ఎక్కువ మంది గ్యాస్‌నే తిడతారు. తప్పు స్టవ్ జెట్‌ది, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రమున్న ముక్కది. ఒకే పరిమాణంలో ఎల్‌పీజీ ఇచ్చే వేడిలో మీథేన్ ఇచ్చేది సగం కూడా ఉండదు. పైగా ఇంట్లో పీడనం సిలిండరుకు సుమారు 30 మిల్లీబార్లయితే, పైపుకు సుమారు 21. కాబట్టి జెట్ రంధ్రం పెద్దది కావాలి. పిన్నుతో, సూదితో పెద్దది చేయవద్దు. మెకానిక్‌తో సహజవాయువు జెట్‌లు వేయించుకోండి. అలా మార్చిన స్టవ్‌ను ఊళ్ళో అమ్మవాళ్ళకు పంపి సిలిండరుకు తగిలిస్తే మంట భగ్గుమని లేస్తుంది. పంపే ముందు పాత జెట్‌లు తిరిగి బిగించాలి.

జెట్ మార్చినా మంట పసుపుగా ఉండి గిన్నెకు మసి పడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకున్నట్టే. గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. బర్నర్ కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

బిల్లు ఎక్కువ వచ్చింది

బిల్లు కిలోల్లో కాదు, ఘనపు మీటర్లలో ఉంటుంది. 14.2 కిలోల సిలిండరు వేడికి సుమారు 17, 18 ఘనపు మీటర్లు సరిపోతాయి. పోలిక అలా చూడండి. అప్పటికీ అనుమానమైతే నాబ్‌లన్నీ మూసి అరగంట మీటరు చివరి అంకెలు గమనించండి. కదిలితే ఎక్కడో లీకు ఉంది.

గోడ మీది పైపుకు తుప్పు

సముద్రపు ఉప్పుగాలి ఇనుమును వదలదు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉండేవారు క్లాంపుల దగ్గర తరచూ చూడండి. ఆ పైపుకు బట్టల తాడు కట్టడం మానండి. రంగు పొర లేచి కనిపిస్తే మీరు గీకవద్దు, గ్యాస్ సంస్థకు చెప్పండి.

వీధిలో లైను ఉంది, అపార్ట్‌మెంట్‌కు రాలేదు

చాలాచోట్ల అడ్డంకి గోడకు రంధ్రం ఎక్కడ వేయాలన్న వాదులాటే. లైను వేసిన ఖర్చు కనెక్షన్లు పెరిగేకొద్దీ ఇంటింటికీ పంచుకుపోతుంది, హోటళ్ళకూ చిన్న పరిశ్రమలకూ గ్యాస్ అందుతుంది. అసోసియేషన్ సమావేశంలో పైపు ఎక్కే గోడ ఏదో తేల్చి, ఫ్లాట్లవారీ అంగీకారం రాతపూర్వకంగా తీసుకుని ఒకే దరఖాస్తుగా ఇవ్వండి.