చలికాలంలో ఘాట్ దిగే టూ స్ట్రోక్ బండ్లు: కార్బొరేటర్లు సరిచేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని కోరాపుట్, సునాబేడ, జయపురం ప్రాంతాలలో పాత టూ స్ట్రోక్ బండ్లను ఇప్పటికీ అపురూపంగా చూసుకునే తెలుగువాళ్లు చలి ముదరకముందే కార్బొరేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే భాగాలు) విప్పి శుభ్రం చేసుకుంటారు. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్ 350 పేరుతో తెచ్చిన రెండు సిలిండర్ల యమహా బండిని దృష్టిలో పెట్టుకుని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. ఒకే కార్బొరేటర్ ఉన్న ఆర్‌ఎక్స్ 100 వంటి వాటికి కూడా, రెండింటినీ సమం చేసే పని తప్ప, మిగిలినదంతా వర్తిస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు ఎత్తుపల్లాలతో వస్తుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటే, సుంకి ఘాట్ దిగగానే వచ్చే సాలూరు 120 మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కోరాపుట్‌లో గాలి పీడనం సముద్రమట్టంలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ కనుక, కింద చక్కగా నడిచే జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోలు పారే సన్నని రంధ్రాల ముక్కలు) పైకి వచ్చేసరికి గాలికి మించి పెట్రోలు ఇస్తాయి. బండి బరువుగా లాగుతుంది, పొగ వస్తుంది, ప్లగ్‌లు నల్లబడి తడిగా కనిపిస్తాయి. అది చూసి మెయిన్ జెట్ (యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు పెట్రోలు ఇచ్చేది) ఒకటి రెండు నంబర్లు తగ్గించి చిన్న రంధ్రమున్నది వేయాలనిపించడం సహజమే కానీ, అదే బండితో సాలూరు దిగి విజయనగరం వైపు తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే, అక్కడి చిక్కటి గాలికి పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి బోరులో, అంటే సిలిండర్ లోపలి గొట్టంలో, పట్టేస్తుంది. ఒకసారి నాకు సరిగ్గా ఇలాగే వెనక చక్రం బిగుసుకుపోయింది. జెట్టు తగ్గించిన ఘనత కూడా నాదే.

దీనికి తోడు చలిగాలి వేడిగాలి కన్నా చిక్కగా ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది మండడానికి గాలి తక్కువే చాలు కనుక, పాత కొలతల జెట్లతో మిశ్రమం మరికాస్త పలచబడుతుంది. కాబట్టి ఘాట్ దిగే అవసరం ఉన్నవారు కోరాపుట్ మధ్యాహ్నానికి కాక, చలికాలపు తెల్లవారుజామున సాలూరు మైదానానికి తగినట్టుగా జెట్లు పెట్టుకోవాలి. పైన కొంచెం పొగ వస్తే రానివ్వండి. ప్లగ్ తుడుచుకోవడం పది నిమిషాల పని, గీరుకుపోయిన సిలిండర్‌ను మళ్లీ తొలిపించే రీబోరు అలాంటిది కాదు.

చలికి షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడపడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఫ్లోట్ బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) విప్పే ముందు పెట్రోలు ట్యాప్ కట్టేసి, బ్యాటరీ వైరు తీసి, కారిన పెట్రోలును మూత ఉన్న డబ్బాలోకి పట్టాలి. చుట్ట, చలిమంట, దీపం ఆ చుట్టుపక్కల ఉండకూడదు. బౌల్ అడుగున నీటి బొట్లు కనిపిస్తే ట్యాంకు కూడా ఖాళీ చేయాలి, ఎందుకంటే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. జెట్టు రంధ్రంలో ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై, నంబరు ఒకటి, పారే పెట్రోలు మరొకటి అవుతాయి. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టడమే మంచిది.

స్క్రూలు ముట్టుకునే ముందు కార్బొరేటరుకూ సిలిండరుకూ మధ్య ఉన్న రబ్బర్లను వంచి పగుళ్లు చూడండి. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే తగ్గకపోతే ఎక్కడో గాలి చొరబడుతున్నదని అనుమానించాలి తప్ప, ఐడిలింగ్ స్క్రూ తగ్గించి ఊరుకోకూడదు. ఎయిర్ స్క్రూను లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. పెట్రోలు దారిని మూసి తెరిచే సూది లాంటి నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి, యాక్సిలరేటర్‌ను పావు నుంచి ముప్పావు వరకు తిప్పినప్పుడు పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఒక విడతలో ఒక్క మార్పే చేసి, దాన్ని కాగితం మీద రాసుకోవాలి.

రెండు కార్బొరేటర్ల స్లైడ్‌లు (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్కలు) ఒకే క్షణంలో కదలడం మొదలుపెట్టి, ఒకే క్షణంలో పూర్తిగా పైకి చేరాలి. ఎయిర్ ఫిల్టర్ రబ్బరు తీసి రెండు నోళ్లలోకీ చూస్తూ యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే తేడా కంటికే తెలుస్తుంది. ఒకటి వెనకబడితే రెండో సిలిండరే బరువంతా మోస్తుంది. చాలామంది మరిచిపోయేది ఆయిల్ పంపు. దాని కేబులు కూడా యాక్సిలరేటరుతోనే కదులుతుంది కనుక, కార్బొరేటర్ కేబుళ్లు బిగించిన ప్రతిసారీ పంపు మీది గుర్తు సరిగా కలిసిందో లేదో చూడాలి.

పూర్తి వేగంలో ఇంజన్ ఆపి ప్లగ్ రంగు చూసే పరీక్షను ఘాట్ మలుపుల్లో చేయవద్దు. వాహనాలు లేని తిన్నటి రోడ్డు కావాలి. ఆ పరీక్షకైనా మామూలు ప్రయాణానికైనా చలి ఉదయాన ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వాలి, లేకపోతే సిలిండర్ కన్నా పిస్టన్ ముందుగా వ్యాకోచించి బోరును గీరుతుంది.

ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసి, గేరు పట్టు మీదనే కిలోమీటర్ల కొద్దీ దిగకూడదు. ఇంజన్ వేగంగా తిరుగుతున్నా పెట్రోలు, ఆయిల్ రెండూ నామమాత్రంగానే అందుతాయి. రెండు మూడు మలుపులకోసారి క్లచ్ పట్టి కాస్త రేసు ఇవ్వండి; వేగం తగ్గించడానికి బ్రేకుల మీద ఆధారపడండి. రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి, ఇంజన్ పట్టేసిన క్షణంలో చక్రాన్ని విడిపించేది ఆ వేళ్లే. సాలూరు చేరాక ఇంజన్ చల్లారనిచ్చి రెండు ప్లగ్‌లూ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి గోధుమరంగులో ఉండి మరొకటి తెల్లబారి ఉంటే, ముందుకు వెళ్లకుండా తెల్లబారిన వైపు రబ్బరునూ పైలట్ జెట్టునూ (యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు ఇచ్చేది) అక్కడే విప్పి చూడాలి.