పెళ్లయ్యాక ఇంగ్లాండ్‌లో డిగ్రీ: స్టూడెంట్ ఫైనాన్స్ ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

ఇంగ్లాండ్‌లో స్థిరపడి, సంసారం ఒక గాడిన పడ్డాక మళ్లీ చదువుకుందామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చదువుకు ప్రభుత్వ లోన్ ఇచ్చే స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లాండ్‌కు పెట్టే అప్లికేషన్ నిజానికి ఇద్దరిది. మీ సగం మీరు నింపుతారు, మీ ఆయనో మీ ఆవిడో తమ సగం నింపాలి. ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఆ రెండో సగంలోనే పుడతాయి. ఇక్కడి అంకెలన్నీ 2025-26 విద్యా సంవత్సరానివి. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో ఉండేవాళ్లకు పద్ధతి వేరు.

"అర్హత లేదని ఉత్తరం వచ్చింది"

ముందు వీసా చూడండి. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు, ఎంత పన్ను కట్టినా, మామూలుగా ఈ లోన్ రాదు. మనవాళ్లలో ఎక్కువమందికి వర్తించే నియమం ఇది: కోర్సు మొదటి విద్యా సంవత్సరం మొదలయ్యే నాటికి ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ చేతిలో ఉండాలి, అంతకుముందు మూడేళ్లు యూకేలో నివాసం ఉండాలి. శరదృతువులో మొదలయ్యే కోర్సులకు ఆ తేదీ సెప్టెంబరు 1. అక్టోబరులో ఐఎల్ఆర్ రాబోతోందంటే, సీటును ఒక ఏడాది వాయిదా వేస్తారేమో చేరకముందే యూనివర్సిటీని అడగండి. ఆ ఒక్క మాట అడగకుండా తొందరపడి చేరి, ఫీజు సొంతంగా కట్టుకోవాల్సి రావడం చాలా బాధాకరం.

వీసా సరిగ్గానే ఉంటే రెండో కారణం మీ పాత డిగ్రీ. గుంటూరులోనో వరంగల్‌లోనో చేసిన బీఎస్సీ, బీటెక్ కూడా లెక్కలోకి వస్తాయి. మీ సొంత డబ్బుతో చదివారా, వేరే దేశంలో చదివారా అన్నది వాళ్లకు అనవసరం. ఒక డిగ్రీ ఉన్నాక అదే స్థాయిలో మరో డిగ్రీకి మామూలుగా లోన్ ఇవ్వరు. దాన్ని దాచిపెట్టే ఆలోచన అసలు వద్దు. ఎందుకంటే దారులు ఉన్నాయి. నర్సింగ్, మిడ్‌వైఫరీ, ఫిజియోథెరపీ లాంటి ఆరోగ్య కోర్సులకు పాత డిగ్రీ ఉన్నా లోన్ ఇస్తారు. వాటిలో చాలా కోర్సులకు ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ నుంచి ఏడాదికి 5,000 పౌండ్లు అదనంగా వస్తాయి, అవి తిరిగి కట్టక్కర్లేదు. ఇంకో దారి మాస్టర్స్. పోస్ట్‌గ్రాడ్యుయేట్ మాస్టర్స్ లోన్ 12,858 పౌండ్ల దాకా ఉంటుంది, దానికి ఇంట్లోవాళ్ల ఆదాయం అడగనే అడగరు. కాకపోతే ఇండియాలో ఎంటెక్, ఎమ్మెస్సీ చేసినవాళ్లకు ఈ తలుపూ మూసినట్టే.

"పెళ్లయి రెండేళ్లయినా మా నాన్న జీతం అడుగుతున్నారు"

యూనివర్సిటీ దృష్టిలో 21 దాటితే మీరు మెచ్యూర్ స్టూడెంట్. లోన్ ఇచ్చేవాళ్లకు ఆ గీత వేరు. తల్లిదండ్రుల ఆదాయం అడగకుండా ఉండాలంటే విద్యా సంవత్సరం మొదటి రోజుకు 25 నిండి ఉండాలి, లేదా దానికి ముందే పెళ్లయి ఉండాలి. పిల్లల బాధ్యత ఉన్నా, కనీసం మూడేళ్లు సొంత సంపాదన మీద బతికినట్టు రుజువు చూపినా తల్లిదండ్రుల ఆదాయం అడగరు. 25 లోపు వయసులో పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ పంపాలి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు పనికిరావు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్నదే కావాలి. పెళ్లి గుళ్లో జరిగి రిజిస్ట్రేషన్ చేయించనివాళ్లు ఈ పని కోసం నెలల ముందే ఇంటికి కబురు పెట్టాలి.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంటల్లో, చదివే మనిషికి 25 నిండితే తోడున్నవాళ్ల ఆదాయం లెక్కిస్తారు. నిండకపోతే తల్లిదండ్రులదే లెక్కిస్తారు.

"స్టేటస్ వారాలుగా కదలడం లేదు"

సాధారణంగా ఆరు వారాలు పడుతుంది. అది దాటినా కదలకపోతే ముందు మీ భర్త ఈమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ వెతకండి. మీ అప్లికేషన్‌లో ఆయన ఈమెయిల్ ఇవ్వగానే ఆయనకు ఒక లింక్ వెళ్తుంది. ఆయన సొంత అకౌంట్ తెరిచి, తన ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) నంబర్, ఆదాయం వివరాలు ఇవ్వాలి. మీ అకౌంట్‌లో మీరు ఆయన తరఫున నింపేది కాదు.

ఇంట్లో అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది. "నేను సంతకం పెడితే ఆ అప్పు నా మీద పడదా?" అని చాలామంది భర్తలు వెనకాడతారు. మన ఊళ్లో బ్యాంకు చదువు రుణానికి తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెట్టడం చూసి పెరిగాం కాబట్టి ఆ భయం సహజం. ఇక్కడ అది హామీ సంతకం కాదు, ఆదాయం చెప్పడం మాత్రమే. అప్పు చదివిన మనిషి పేరు మీదే ఉంటుంది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు వర్తించే, ప్లాన్ 5 అనే తిరిగి కట్టే పద్ధతిలో, ఏడాదికి 25,000 పౌండ్లకు పైన మీరు సంపాదించే దాంట్లో 9 శాతం మీ జీతంలోంచి కోస్తారు. భర్త జీతాన్ని ముట్టరు. 40 ఏళ్ల తర్వాత మిగిలిన అప్పు రద్దు చేస్తారు.

అయినా ఆయన ససేమిరా అంటే, ఇంటి ఆదాయం చూడకుండా ఇచ్చే కనీస మెయింటెనెన్స్ లోన్ (బతుకు ఖర్చులకు ఇచ్చేది) తీసుకోవచ్చు. ట్యూషన్ ఫీజు లోన్‌కు ఎవరి ఆదాయంతోనూ పని లేదు, 9,535 పౌండ్ల దాకా పూర్తిగా వస్తుంది.

స్పామ్‌లోనూ ఏమీ లేకపోతే పేర్లు సరిచూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, ఎన్ఐ రికార్డులో మరోచోట, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు బ్యాంకులో మాత్రమే: మనవాళ్ల కాగితాల్లో ఇది మామూలే. ఎన్ఐ నంబర్‌తో పేరు కలవకపోతే పని ఆగుతుంది. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా ముందే మార్పించుకోండి.

"లోన్ అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది"

మూడు తప్పులు వెతకండి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఒక చిన్న టిక్కు. కోర్సు కాలంలో ఎక్కడ ఉంటారు అన్న ప్రశ్నకు "మా ఇంట్లోనే కదా" అనుకుని తల్లిదండ్రులతో ఉంటున్నట్టు ఎంచుకుంటారు. భర్తతో సొంత ఇంట్లో ఉన్నా, అద్దె ఇంట్లో ఉన్నా అది తల్లిదండ్రుల ఇల్లు కాదు. లండన్ బయట ఆ టిక్కుతో మెయింటెనెన్స్ లోన్ గరిష్ఠ మొత్తం 10,544 నుంచి 8,877కి పడిపోతుంది, అంటే ఏడాదికి 1,667 పౌండ్లు. యూనివర్సిటీ లండన్‌లో ఉంటే తేడా ఇంకా పెద్దది, అక్కడ గరిష్ఠం 13,762. అకౌంట్‌లోకి వెళ్లి సరిచేయండి, మళ్లీ లెక్కిస్తారు.

రెండోది, ఆదాయం గడిలో ఆఫర్ లెటర్‌లోని ప్యాకేజీ వేయడం. కావాల్సింది పీ60లో (ఏడాది జీతం, కోసిన పన్ను చూపుతూ యజమాని ఇచ్చే కాగితం) ఉన్న అంకె, అదీ సరైన సంవత్సరానిది. 2025-26కు చూసేది 2023-24 పన్ను సంవత్సరం. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె వస్తుంటే అదీ చెప్పాలి. మీరు చదువుతూ పార్ట్‌టైమ్‌లో సంపాదించే జీతం మాత్రం లెక్కలోకి రాదు.

మూడోది పిల్లల వివరాలు రాయకపోవడం. మీ మీద ఆధారపడ్డ ఒక్కో బిడ్డకు ఇంటి ఆదాయంలోంచి 1,130 పౌండ్లు తగ్గించి చూస్తారు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే ఆదాయమే కారణం. పూర్తి లోన్ 25,000 పౌండ్ల లోపు ఇంటి ఆదాయానికే. ఆ పైన తగ్గుతూ పోయి, లండన్ బయట విడిగా ఉండేవాళ్లకు సుమారు 62 వేల దగ్గర కనీస మొత్తానికి చేరుతుంది.

"ఆయన ఉద్యోగం పోయింది, వాళ్లు పాత జీతమే చూస్తున్నారు"

ముందు పాత సంవత్సరం వివరాలే ఇవ్వాలి, అది తప్పదు. ఆ తర్వాత ప్రస్తుత సంవత్సర ఆదాయం మీద లెక్కించమని అడగండి. ఇంటి ఆదాయం కనీసం 15 శాతం తగ్గి ఉండాలి. అంచనా నిజాయితీగా వేయండి. మధ్యలో కొత్త ఉద్యోగం వస్తే వెంటనే తెలపండి, లేకపోతే ఎక్కువ ఇచ్చింది వెనక్కి అడుగుతారు.

"చైల్డ్‌కేర్ గ్రాంట్ ఇవ్వలేదు"

ఇంటి ఆదాయం తక్కువైతే నర్సరీ ఖర్చులో 85 శాతం దాకా ఇస్తారు: ఒక బిడ్డకు వారానికి 199.62, ఇద్దరు లేదా ఎక్కువమందికి 342.24 పౌండ్లు గరిష్ఠం. కానీ మీ ఇద్దరిలో ఎవరు ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (నర్సరీ ఖర్చుకు ప్రభుత్వం కొంత కలిపే ఖాతా) వాడుతున్నా, యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ సాయం) నర్సరీ ఖర్చు తీసుకుంటున్నా ఇది రాదు. ఆయన ఎప్పుడో తెరిచిన ఆ ఖాతా సంగతి మీకు గుర్తుండకపోవచ్చు, అడిగి చూడండి. ఇంకో సంగతి: వారానికి 30 గంటల ఉచిత నర్సరీ తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తేనే. మీరు ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ చదువులో చేరితే అది పోతుంది. ఆ ఖర్చు లెక్క వేసుకున్నాకే రాజీనామా ఇవ్వండి.

యూనివర్సల్ క్రెడిట్ తీసుకునే కుటుంబాలకు ఒక హెచ్చరిక. మెయింటెనెన్స్ లోన్‌ను అక్కడ ఆదాయంగా చూస్తారు, నెలకు 110 పౌండ్లు మాత్రమే మినహాయిస్తారు. మీరు లోన్ వద్దనుకున్నా, తీసుకోగలిగిన మొత్తం వచ్చినట్టే లెక్కిస్తారు. కాబట్టి వద్దని మిగుల్చుకునేదేమీ లేదు.

"గడువు దాటిపోయింది"

మే నెల గడువు క్లాసులు మొదలయ్యేసరికి డబ్బు చేతికి రావడానికి పెట్టింది. విద్యా సంవత్సరం మొదటి రోజు నుంచి తొమ్మిది నెలల దాకా అప్లై చేయొచ్చు. ఈలోగా అద్దెకు ఇబ్బంది అయితే యూనివర్సిటీలో డబ్బు సలహా ఇచ్చే విభాగానికి వెళ్లండి. కష్టంలో ఉన్న విద్యార్థుల కోసం చాలా యూనివర్సిటీల దగ్గర విడిగా నిధి ఉంటుంది, అడిగినవాళ్లకే అది అందుతుంది.