రెండు సీక్వెన్సర్లు, మూడు సింథ్‌లు: మిడి కేబుళ్లు ఎలా కలపాలి

విశాఖలో మా మేడ మీది గదిలో పాత డైనింగ్ టేబుల్ ఒకటుంది. దాని మీద ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్, ఆర్టూరియా బీట్‌స్టెప్ ప్రో అనే రెండు సీక్వెన్సర్లు (పెట్టిన స్వరాలను, అంటే నోట్లను, వరుసగా వాయింపజేసే యంత్రాలు), కోర్గ్ మినీలాగ్, వోల్కా బేస్, రోలాండ్ జేవీ-1080 అనే మూడు సింథ్‌లు (శబ్దం పుట్టించే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు) ఉంటాయి. ఆఫీసులో పొద్దంతా స్క్రీన్ చూసి వస్తాను కాబట్టి సాయంత్రం కంప్యూటర్ ఆన్ చేయకుండానే ఈ ఐదూ ఒకే తాళంలో నడవాలని నా కోరిక. అందుకు దారి మిడి: ఏ నోటు ఎప్పుడు వాయించాలో వాయిద్యాలు ఒకదానికొకటి కేబుల్ మీద చెప్పుకునే పద్ధతి. 1994 నాటి జేవీ, 2017లో వచ్చిన డిజిటాక్ట్ మాట వింటుంది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే సింథ్‌లను ఒక కేబుల్‌తో కలిపి చూపించారు. ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. నాకది ఎప్పుడూ అపురూపంగానే అనిపిస్తుంది.

కేబుల్ ముట్టుకునే ముందు కాగితం తీయండి. తాళం ఎవరు వేయాలి, ఎవరి మాట ఎవరు వినాలి అన్నవి రాసుకోండి. నా కాగితం మీద తాళం డిజిటాక్ట్‌ది. ఛానల్ అంటే మెసేజ్ ఎవరికో చెప్పే నంబరు, ఆ నంబరు పెట్టుకున్న వాయిద్యమే దాన్ని వింటుంది. బీట్‌స్టెప్‌లోని మొదటి సీక్వెన్సర్ 1వ ఛానల్లో మినీలాగ్‌ను, రెండోది 2వ ఛానల్లో వోల్కాను వాయిస్తాయి. డిజిటాక్ట్ మిడి ట్రాకులు 3, 4, 5 ఛానళ్లలో జేవీ స్ట్రింగ్స్, ఫ్లూట్, పియానో వాయిస్తాయి. బీట్‌స్టెప్ డ్రమ్ సీక్వెన్సర్ 10వ ఛానల్లో జేవీ రిథమ్ పార్ట్‌ను వాయిస్తుంది. ఒక కేబుల్‌లో 16 ఛానళ్లు పడతాయి కాబట్టి ఇదంతా ఒకే దారిలో వెళ్లగలదు. జేవీని మాత్రం పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టాలి. అప్పుడే ఒక్కో ఛానల్‌కు ఒక్కో వాయిద్యం వస్తుంది.

కాగితం చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. జేవీకి రెండు సీక్వెన్సర్ల నుంచీ నోట్లు రావాలి. అసలు కష్టం ఇక్కడే.

మిడిలో పంచడం తేలిక, కలపడం కష్టం. ఒకరు చెబితే పదిమంది వినొచ్చు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పంచడానికి త్రూ బాక్స్ చాలు, వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు నాలుగు దారుల్లో పంపుతుంది. కలపడానికి మాత్రం మెర్జర్ కావాలి. మొదట్లో నాకిది తెలియక రెండు అవుట్‌ల వైర్లను ఒకే ప్లగ్‌కు సోల్డర్ చేశాను. ఒక్కో నోటు మూడు బైట్లుగా వెళ్తుంది. రెండు వైపుల బైట్లు ఒకదాని మీద ఒకటి పడి, ఎక్కడో ఒక ఫ్లూట్ నోటు ఆగకుండా మోగుతూ ఉండిపోయింది. మెర్జర్‌లో చిన్న ప్రాసెసర్ ఉంటుంది. ఒకరి మాట పూర్తయ్యేదాకా రెండోవారి మాటను పట్టి ఉంచుతుంది. దీనికి డబ్బు పెట్టడానికి వెనకాడకండి.

ఇక కేబుళ్లు. డిజిటాక్ట్ అవుట్ నుంచి మొదటి త్రూ బాక్స్‌కు. అందులోంచి ఒకటి బీట్‌స్టెప్ ఇన్‌కు తాళం కోసం, ఇంకొకటి మెర్జర్ మొదటి ఇన్‌కు. బీట్‌స్టెప్ అవుట్ మెర్జర్ రెండో ఇన్‌కు. మెర్జర్ అవుట్ రెండో త్రూ బాక్స్‌కు, అక్కణ్ణుంచి మూడు సింథ్‌లకు. మినీలాగ్‌కూ వోల్కాకూ వచ్చినదాన్ని ముందుకు పంపే త్రూ సాకెట్ లేదు కాబట్టి గొలుసుగా కలపడం కుదరదు.

మామూలు మిడి సాకెట్ ఐదు పిన్నులది, కానీ బీట్‌స్టెప్‌కు ఉండేవి 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు, అందుకే అడాప్టర్ కావాలి. ఇలాంటి వాటిలో టైప్ ఎ, టైప్ బి అని రెండు రకాలున్నాయి. ప్లగ్ కొన (టిప్), దాని వెనక వలయం (రింగ్) వైర్లు అటూ ఇటూ మారతాయి, అంతే. 2018లో టైప్ ఎను ప్రమాణం చేశారు, బీట్‌స్టెప్ టైప్ బి. వేరే మెషీన్ అడాప్టర్ పెడితే ఏదీ పాడవదు, కానీ ఏమీ వినపడదు. నేను ఒక ఆదివారమంతా అలా పోగొట్టుకున్నాను. అందుకే ఇప్పుడు అడాప్టర్లకు తెల్ల టేపు అంటించి ‘ఎ’, ‘బి’ అని రాసి పెట్టుకున్నాను.

అన్నీ కలిపాక తాళం చూడాలి. క్లాక్ అంటే ఒక్కో బీట్‌కు 24 టిక్కులు. డిజిటాక్ట్‌లో క్లాక్ సెండ్, ట్రాన్స్‌పోర్ట్ సెండ్ (స్టార్ట్, స్టాప్ మెసేజ్‌లు పంపేది) ఆన్ చేయండి. బీట్‌స్టెప్‌ను మిడి సింక్‌లో పెట్టండి. దాని అవుట్ నుంచి కూడా క్లాక్ బయటికి వస్తుంటే మెర్జర్ దగ్గర రెండు క్లాకులు కలిసి బీట్‌కు 48 టిక్కులవుతాయి. నా వోల్కా రెట్టింపు వేగంతో పరిగెత్తడానికి కారణం ఇదే. ఆ క్లాక్‌ను సెట్టింగుల్లో ఆపండి, లేదా మెర్జర్‌లోని ఫిల్టర్‌తో ఆపండి. ఇంకొకటి: స్టార్ట్ మెసేజ్ రాగానే వోల్కా, మినీలాగ్ తమ సొంత సీక్వెన్స్‌లు కూడా మొదలుపెడతాయి. వాటిలోని ప్యాటర్న్‌లు ఖాళీ చేసి ఉంచండి.

మిడి సెకనుకు 31,250 బిట్లే మోస్తుంది. ఒక నోటుకు దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, నాలుగు నోట్లు కలిసి మోగే కార్డ్‌కు నాలుగు. చెవికి ఇది తెలియదు. కానీ అన్నీ ఒకే దారిలో పోతున్నప్పుడు నాలుగైదు ట్రాకుల్లో సింథ్ శబ్దపు రంగు మార్చే ఫిల్టర్ నాబ్ కదలికలు కూడా రికార్డ్ చేస్తే తాళం తడబడుతుంది. అలాంటి కదలికలను నేను ఒక ట్రాక్‌కే ఉంచుకుంటాను. మిగతావి చేత్తో తిప్పుతాను, అందులోనే ఎక్కువ ఆనందం కూడా.

యూఎస్‌బీతో కలిపేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. ఈ మెషీన్లలో ఏదీ హోస్ట్ (మిగతావాటిని నడిపే యూఎస్‌బీ పరికరం) కాదు, మధ్యలో కంప్యూటరో హోస్ట్ బాక్సో ఉండాలి. పైగా ఐదు పిన్నుల మిడిలో ఆప్టో ఐసొలేటర్ (కరెంటు కాక వెలుగుతో సిగ్నల్ దాటించే భాగం) ఉంటుంది కాబట్టి కేబుల్ వల్ల స్పీకర్లలో హమ్ (గుయ్‌మనే మోత) రాదు.

పరీక్ష ఒక్కో సింథ్‌తోనే చేయండి. మిగతావాటి వాల్యూమ్ తగ్గించి, మొదట మినీలాగ్, తర్వాత వోల్కా, చివర జేవీ ఒక్కో ఛానల్ చొప్పున వినండి. 3వ ఛానల్లో నోటు పంపితే మినీలాగ్ కూడా మోగిందంటే దాని ఛానల్ తప్పు. ఏదైనా నోటు ఆగకుండా మోగితే ఆ ఛానల్‌కు కంట్రోల్ చేంజ్ 123 (అన్ని నోట్లూ ఆపమనే మెసేజ్) పంపండి. నేను దీనికోసం డిజిటాక్ట్‌లో ఒక ప్యాటర్న్ విడిగా ఉంచుకున్నాను, 16వ ప్యాటర్న్ నొక్కితే జేవీ నోరు మూస్తుంది.