కనబడేలా, వినబడకుండా (సహాయ శిబిరంలో పనిచేసేవాళ్లకు పాఠాలు: 3వ భాగం)

సాయం పంచేవాళ్ల చేతుల్లోనే జరిగే లైంగిక దోపిడీ గురించి ఈ పాఠాలు. పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. రాత్రి ఎనిమిది దాటాక శిబిరమంతా ఒకసారి తిరిగి, బాత్‌రూమ్ దాకా లైటు ఉందా, లోపల గడియ పడుతుందా, సరుకులు పంచే చోట టోకెన్లూ లిస్టూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయా అని రాసుకోమన్నాను. ఈ పని ఎవరికిచ్చినా గడియ సంగతి రాసుకొస్తారు, లిస్టు సంగతి వదిలేస్తారు. గడియ కళ్లకి కనిపిస్తుంది కదా. లిస్టు రాసేవాడి చేతిలో ఎంత బలం ఉందో మాత్రం పేరు రాయించుకోవడానికి నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. అది చూడనివాళ్లు ఈ రాత్రి మళ్లీ ఒక చుట్టు తిరగండి.

మొదటి పాఠంలోది ఒక్క ముక్క మళ్లీ చెప్పి ముందుకెళ్తాను. ఎదుటి మనిషి ఇబ్బందిలో ఉండటాన్నీ, మన చేతిలో ఉన్న అధికారాన్నీ, మన మీద పెట్టుకున్న నమ్మకాన్నీ లైంగిక అవసరానికి వాడుకుంటే అది లైంగిక దోపిడీ. వాడుకోవాలని ప్రయత్నించినా దోపిడీయే. ఐక్యరాజ్యసమితి 2003 అక్టోబరులో తన సిబ్బందికి ఇచ్చిన ఉత్తర్వులో ఉన్న నిర్వచనం ఇదే. డబ్బు, ఉద్యోగం, సరుకులు ఎర చూపించడం నిషిద్ధం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల విషయంలో ‘వయసు తెలియలేదు’ అన్న మాట చెల్లదు. ‘ఆవిడ ఒప్పుకుందిగా’ అనే వాదన మీ ఆఫీసులోనూ వినిపిస్తుంది. ఒక పూట బియ్యం కోసం నిలబడిన మనిషి ‘సరే’ అంటే దాన్ని ఒప్పుకోవడం అంటామా?

ఇక ఈ వారం పాఠం. ఒకరు వచ్చి మీతో చెప్పినప్పుడు మొదటి పది నిమిషాల్లో ఏం చెయ్యాలి?

అసలు చిక్కేమిటంటే, ఎవరూ అలా వచ్చి నేరుగా చెప్పరు. ‘నా మీద లైంగిక దోపిడీ జరిగింది’ అనే వాక్యం మన ఫారాల్లో ఉంటుంది గానీ మనుషుల నోట్లో ఉండదు. వాళ్ల నోట వచ్చేవి వేరే మాటలు. ‘ఆ టోకెన్ల అబ్బాయి పద్ధతి బాలేదండీ.’ ‘మా పిల్ల సరుకులకి వెళ్లనంటోంది, నేనే వస్తాలెండి.’ ‘మాకు ప్లాస్టిక్ పరదా వద్దులెండి, ఎలాగో సర్దుకుంటాం.’ వాన పడుతుంటే పరదా వద్దన్న మనిషిని చూస్తే మీకు అనుమానం రావాలి.

నాకు రాలేదు. గోదావరి వరదప్పుడు లంక గ్రామాలవాళ్లని ఒక బడిలో ఉంచితే, నేను అక్కడ వాలంటీర్‌గా ఉన్నాను. ఒక మామ్మ వచ్చి, ‘అమ్మాయ్, ఆ లిస్టు రాసే కుర్రాణ్ణి మార్చకూడదూ?’ అంది. ఊళ్లో పార్టీ గొడవేదో అనుకుని, ‘ఎవరు రాస్తే ఏముంది మామ్మా, పేరు వస్తుందిగా’ అన్నాను. నా ముఖం కేసి ఒక్క క్షణం చూసి వెళ్లిపోయింది. ఆ కుర్రాడు లిస్టు పేరుతో ఆడపిల్లల ఫోన్ నెంబర్లు తీసుకుని రాత్రిళ్లు ఫోన్లు చేస్తున్నాడని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. మామ్మ మళ్లీ నా దగ్గరికి రాలేదు. నేను అడగాల్సింది ఒక్కటే: ‘ఎందుకు మామ్మా, ఏమైనా ఇబ్బందిగా ఉందా?’ అడిగి నోరు మూసుకోవాలి. ఆ మూసుకోవడమే కష్టం. మనకి మధ్యలో సలహా చెప్పకపోతే తోచదు.

మాట మొదలయ్యాక ముందు చోటు చూసుకోండి. తలుపు వేసిన గదిలో ఒంటరిగా వద్దు, పదిమంది మధ్యలో అసలే వద్దు. నేను గుర్తుపెట్టుకునే లెక్క ఇది: కనబడేలా, వినబడకుండా. బడి అరుగు చివర, నీళ్ల ట్యాంకు పక్కన, ఎక్కడైనా ఫర్వాలేదు. చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోతే శిబిరమంతా చూస్తుంది. చేతిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టో రిజిస్టరో పెట్టుకుని మామూలు పని ఉన్నట్టే కూర్చోండి. మీరు మగవాళ్లయితే, ‘ఈ మాట ఆడవాళ్లెవరితోనైనా చెప్పుకుంటారా?’ అని ఒకసారి అడగండి. కాదు, మీతోనే చెబుతానంటే వినండి. ధైర్యం తెచ్చుకుని వచ్చిన మనిషిని ‘మేడమ్ వస్తారు, ఆగండి’ అని పంపేస్తే ఆ ధైర్యం రెండోసారి రాకపోవచ్చు.

ఇప్పుడు అందరం తప్పులో కాలేసే చోటు. ఆమె అంటుంది: ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అక్కా.’ నోటి చివరిదాకా వచ్చిన ‘ఒట్టు’ని అక్కడే ఆపండి. నిలబెట్టుకోలేని ఒట్టు అది. దాని బదులు ఇలా అనొచ్చు:

‘ఊళ్లో ఎవరికీ చెప్పనమ్మా, శిబిరంలో ఎవరికీ చెప్పను. కానీ మా ఆఫీసులో ఈ పని చూసే మనిషి ఒకరుంటారు. మావాడు తప్పు చేశాడని తెలిసి నేను ఆవిడకి చెప్పకుండా ఉండలేను. నీ పేరు చెప్పొద్దంటే చెప్పను. ఏ మాట ఎంతవరకు చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం.’

ఇది విని ఆమె ఆగిపోవచ్చు. ఆగనివ్వండి. మోసపోయి చెప్పడం కన్నా తెలిసి చెప్పకపోవడం మేలు, అది ఆమె హక్కు.

పెద్దవాళ్ల విషయంలో పోలీసు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. మైనర్ అయితే మాత్రం ఆ వీలు మనకీ లేదు. మన దేశంలో పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. సంస్థ బాధ్యుడు తన కింది మనిషి చేసినదాన్ని దాచిపెడితే శిక్ష ఇంకా ఎక్కువ. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. అందుకే పిల్లలతో మాట్లాడేటప్పుడు ‘ఎవరికీ చెప్పనులే చిన్నా’ అని బుజ్జగించి మాట రాబట్టకండి.

అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ‘అక్కడికి ఎందుకెళ్లావు?’, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’, ‘ఇంకెవరైనా చూశారా?’ మొదటి రెండూ ఆమెను బోనులో నిలబెడతాయి. మూడోది విచారణ చేసేవాళ్ల పని, మీది కాదు. మీరు అడగాల్సింది ఇప్పటి సంగతి: ‘ఈ రాత్రి ఇక్కడ పడుకోవడానికి భయంగా ఉందా?’, ‘ఒంట్లో ఎలా ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్దామా?’, ‘నీ వెంట ఎవరు ఉంటే బాగుంటుంది?’ మూడోదానికి జవాబు మొగుడో అమ్మో అని మీరే ఊహించేసుకోవద్దు. ఒక్కోసారి పక్కింటి ఆశా కార్యకర్త పేరు చెబుతారు.

అత్యాచారం అయితే గడియారం కూడా చూసుకోవాలి. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా ఇచ్చే మాత్రకు 120 గంటల దాకా వీలుంటుంది. ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చెయ్యాల్సిందే, ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మనకూడదు. అయితే ఆస్పత్రివాళ్లు పోలీసులకు కబురు చెయ్యాలని కూడా చట్టంలో ఉంది. ఈ సంగతి ఆమెకు ఆటో ఎక్కకముందే చెప్పండి. అక్కడికెళ్లాక ఖాకీ చొక్కా కనబడితే మీరే పట్టించారనుకుంటుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకి గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం నెంబరు, ఈ రెండూ శిబిరంలో అడుగుపెట్టిన రోజే మీ జేబులో ఉండాలి.

తర్వాత రాయడం. అదే రోజు, గుర్తున్నంతలో, ఆమె మాటల్లోనే రాయండి. ‘నన్ను లోపలికి రమ్మన్నాడు’ అంటే అదే రాయాలి గానీ ‘బాధితురాలిని గదిలోకి ప్రలోభపెట్టి’ అని దిద్దకూడదు. ‘ఏడుస్తూ చెప్పింది’ అనేది మీరు చూసింది. ‘నిజమే అనిపించింది’ అనేది మీ అభిప్రాయం, అది అక్కర్లేదు. కాగితం ఒక్క మనిషికి వెళ్లాలి: మీ సంస్థలో దీనికి నియమించిన బాధ్యుడికో, లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీకో. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పేరు లేకుండా పెట్టినా అంతే. ‘ఫలానా బ్లాకులో ఇద్దరు పిల్లల తల్లి’ అంటే శిబిరంలో ఎవరో తెలియడానికి ఎంతసేపు పడుతుంది?

నిందపడ్డవాణ్ణి మీరే పిలిచి నిలదీయడం, ఊరి పెద్దమనుషుల చేత రాజీ చేయించడం, ఈ రెండూ మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ రాజీ అయ్యాక వాడు మళ్లీ అదే టోకెన్ల బల్ల దగ్గర కూర్చుంటాడు.

చెప్పుకునే దారి సరిగ్గా లేకపోతే ఏమవుతుందో పెద్ద ఎత్తున చూపించింది కాంగో. తూర్పు కాంగోలో 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా ఎబోలా 2,200 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ వ్యాధిని అదుపు చెయ్యడానికి అంతర్జాతీయ సంస్థలు బెని, బుటెంబో లాంటి ఊళ్లలోకి దిగి స్థానికులని పనుల్లోకి తీసుకున్నాయి. ఆ ఉద్యోగం కావాలన్నా, వచ్చింది నిలబెట్టుకోవాలన్నా లైంగికంగా లొంగమన్నారని 50 మందికి పైగా ఆడవాళ్లు బయటపెట్టారు. ఎవరి దగ్గర? ఫిర్యాదుల విభాగాల దగ్గర కాదు, 2020లో వెతుక్కుంటూ వెళ్లిన పత్రికలవాళ్ల దగ్గర. పగబడతారనీ, ఉద్యోగం పోతుందనీ భయపడి అప్పటిదాకా చాలామంది నోరు విప్పలేదు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన స్వతంత్ర కమిషన్ 2021 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. అందులో తేలిన నిందితులు 83 మంది, వాళ్లలో 21 మంది ఆ సంస్థ తరఫున పనిచేసినవాళ్లే.

ఆ నివేదికలో నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి. ఒక మహిళ విషయంలో ఫిర్యాదు అందినా ఆ సంస్థ విచారణ మొదలుపెట్టలేదు. కారణం, ఆమె ‘లబ్ధిదారు’ (అంటే సంస్థ నుంచి సాయం అందుకునే మనిషి) నిర్వచనం కిందికి రాదట! కమిషన్ దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అందుకే మొదటి పది నిమిషాల్లో, వచ్చిన మనిషి లబ్ధిదారా, వంటమనిషా, మన సిబ్బందా అని మీరు వడపోయవద్దు. మన దేశంలో పని ప్రదేశాల్లో మహిళల మీద లైంగిక వేధింపులకి సంబంధించిన 2013 నాటి చట్టం కూడా, వేధింపుకి గురైన మహిళ అక్కడ ఉద్యోగి అయి ఉండాలని అడగదు. సరుకుల కోసం వచ్చినావిడ కూడా మీ సంస్థ అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇది చాలా సంస్థల్లో మేనేజర్లకే తెలియదు.

2003 ఉత్తర్వు పుట్టింది కూడా ఒకరు కూర్చుని విన్నందువల్లే. 2001 చివర్లో గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల్లో పిల్లలతో మాట్లాడినప్పుడు, నూనె కోసం, ప్లాస్టిక్ పరదా కోసం, రేషన్ కార్డు కోసం సాయం పంచేవాళ్లు తమని ఏం అడిగారో ఆ పిల్లలు చెప్పారు. 40కి పైగా సంస్థలకు చెందిన 67 మంది మీద ఆరోపణలు వచ్చాయి.

ఈ వారం అభ్యాసానికి మీకు ఒక తోడు కావాలి. ఒకరు తమకి నిజంగా జరిగిన చిన్న అవమానం ఒకటి, బస్సులోదో బ్యాంకులోదో, మూడు నిమిషాలు చెప్పాలి. రెండోవాళ్లు ‘ఊఁ’, ‘చెప్పండి’, ‘ఇప్పుడు ఎలా ఉంది’ ఈ మూడు తప్ప ఇంకేమీ అనకూడదు. తర్వాత విన్నది ఐదు వాక్యాల్లో రాసి, చెప్పినవాళ్లకే చదివి వినిపించాలి. ‘నేను అలా అనలేదే’ అని వాళ్లు ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టుకోండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఐదింట్లో మూడు అలాంటివే.

ఆ కాగితం పారెయ్యకండి. వచ్చే పాఠంలో అది కమిటీ బల్ల మీదికి వెళ్తుంది. 90 రోజుల విచారణ, నిందపడ్డవాణ్ణి ఆ లోపల ఎక్కడ ఉంచాలి, ఫిర్యాదు ఇచ్చినావిడకి సరుకులు ఆగకుండా చూడటం ఎలా అన్నది దాంతోనే మొదలుపెడదాం.