యానిమేషన్ కామెడీ రాద్దాం – 6వ పాఠం: పక్షపాతపు ప్రిన్సిపాల్

పిల్లల్ని చిన్నచూపు చూసే ప్రిన్సిపాల్‌ని ఒక పేజీలో పరిచయం చెయ్యమని పోయిన పాఠం చివర అడిగాను. మీరు రాసింది ఓసారి తీసి చూసుకోండి. బెత్తం, ఎర్రటి కళ్లు, గుబురు మీసం, "ఆడపిల్లకి లెక్కలెందుకే!" అన్న అరుపు... ఉన్నాయా? కంగారు పడకండి. నేను రాసిన మొదటి ప్రిన్సిపాల్‌కి ఇవన్నీ ఉండేవి. చదివిన మిత్రుడు "ఇతను ఫ్యాక్షన్ సినిమాకి వెళ్తూ దారి తప్పి బడికొచ్చాడా?" అన్నాడు.

అలాంటివాణ్ని చూస్తే ఒళ్లు మండుతుంది, నవ్వు మాత్రం రాదు. తాను పిల్లలకి మేలే చేస్తున్నానని ప్రిన్సిపాల్ మనస్ఫూర్తిగా నమ్మాలి. కామెడీ అక్కడ మొదలవుతుంది.

దీనికి మంచి నమూనా అమెరికాలో 1989 నుంచి ఫాక్స్ చానల్‌లో వస్తున్న యానిమేషన్ కామెడీ 'ది సింప్సన్స్'లో ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఎలిమెంటరీ ప్రిన్సిపాల్ సీమోర్ స్కిన్నర్ దుర్మార్గుడేం కాదు. తల్లిచాటు బిడ్డ. పైఅధికారి చాల్మర్స్ గుమ్మంలో కనిపిస్తే చాలు, మాట తడబడుతుంది. 2006 ఏప్రిల్ 30న ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో (రచన మాట్ సెల్మన్) తన బడిలో చదివి దర్శకురాలైన అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకోబోతాడు. లెక్కల్లో మాత్రం ఒకటి రెండు బి గ్రేడులు వచ్చాయని ఆమె అంటే, ఆడపిల్లవి కదా, మామూలేనన్నట్టు అనేస్తాడు. అది తిట్టుగా రాలేదు, పొగడ్త మధ్యలోంచి జారింది. సర్దుకోబోయిన ప్రతిసారీ బురదలో ఇంకో జానెడు దిగబడతాడు.

ఈ కథకి బీజం బయటి ప్రపంచంలోంచి వచ్చింది. 2005 జనవరిలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అప్పటి అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్, సైన్సు, ఇంజనీరింగు పైమెట్ల మీద ఆడవాళ్లు తక్కువగా ఉండటానికి సహజ సామర్థ్యంలో తేడాలు కూడా ఒక కారణం కావచ్చని ఒక సదస్సులో అన్నారు. పెద్ద దుమారం రేగింది. రచయితలు హార్వర్డ్‌ని ఒక ప్రాథమిక పాఠశాల అంతకి కుదించేశారు. పేపర్లో చూసిన గొడవని మీరు వాడుకునేటప్పుడూ ఇలాగే స్థాయి తగ్గించి చూడండి.

అసలు నేర్పు తర్వాత ఉంది. స్కిన్నర్‌ని తీసేసి, ఆడపిల్లల చదువులో నిపుణురాలైన మెలనీ అప్‌ఫుట్‌ని తెస్తారు. ఆమె బడిని మగపిల్లలకో సగం, ఆడపిల్లలకో సగం చేస్తుంది. అమ్మాయిల లెక్కల క్లాసులో లెక్కలుండవు, అంకెల్ని చూస్తే మనసుకేమనిపిస్తోందన్న ముచ్చట్లు ఉంటాయి. లెక్కలు కావాల్సిన లిసా అనే విద్యార్థిని చివరికి జేక్ బాయ్‌మన్ అనే అబ్బాయి వేషం వేసుకుని అటువైపు వెళ్లాల్సి వస్తుంది. కుర్చీలో మనిషి మారాడు, అడ్డంకి అలాగే ఉంది, పైగా తీపి పూసుకుని వచ్చింది. చెడ్డవాడు పోగానే కథ ముగించెయ్యడం మనవాళ్లకి అలవాటు. ఇక్కడ సగం కథ వాడు పోయాకే నడిచింది.

ఇక మన పేజీ. ఊళ్లో ఒక హైస్కూలు, లెక్కల క్విజ్‌కి జట్టు ఎంపిక. స్వప్న చెయ్యెత్తింది.

ప్రిన్సిపాల్: "నువ్వు బంగారుతల్లివమ్మా! గెలిచినవాళ్లకి బొకే ఇవ్వడానికి నీ అంత నవ్వుమొహం ఇంకెవరికుంది?"

సమోసాల బిల్లు వచ్చింది. 46 ప్లేట్లు, ప్లేటు 12 రూపాయలు.

ప్రిన్సిపాల్: "542."

స్వప్న: "552 సార్."

ప్రిన్సిపాల్ (పక్కనున్న కిశోర్ భుజం తట్టి): "శభాష్‌రా! పాదరసం నీ బుర్ర!"

కిశోర్ నోటినిండా సమోసా. మాట్లాడే వీలే లేదు.

ఆ చివరి వాక్యం తీసేసి చదవండి. అన్యాయం మిగులుతుంది, నవ్వు పోతుంది. నోట్లో సమోసా ఉండబట్టి ప్రిన్సిపాల్ ఎంత గుడ్డివాడో బొమ్మలోనే తెలిసిపోతుంది, స్వప్న ఏడవాల్సిన అవసరమూ రాలేదు. నవ్వు ఎవరి మీద పడుతోందో ప్రతి సీనుకీ చూసుకోండి. పిల్ల మీద పడితే ఆ కాగితం చింపెయ్యండి, మొహమాటం వద్దు.

యానిమేషన్‌కి ఇంకో వెసులుబాటుంది. ఒక్క షాట్ ఆయన కళ్లలోంచి చూపించొచ్చు: కిశోర్ చెయ్యి తాటిచెట్టంత, స్వప్న చెయ్యి మసకమసగ్గా. ఎపిసోడ్‌కి ఒక్కసారి చాలు. ఎక్కువ వాడితే వెగటు.

ఇంటిపని: ఇదే సీను కొనసాగించండి. ప్రిన్సిపాల్ బదిలీ అయ్యాడు, కొత్తావిడ వచ్చింది. "అమ్మాయిలూ, మీకోసమే వచ్చాను" అంటూ స్వప్నని మళ్లీ క్విజ్‌కి దూరం చెయ్యాలి. ఒక్క కటువు మాట కూడా ఉండకూడదు. పేజీ దాటొద్దు. 7వ పాఠంలో ఇన్స్పెక్షన్‌కి వచ్చే పైఅధికారిని పట్టుకుందాం.