కూడబలుక్కున్న అంకెలు – 4వ పాఠం: ఏడు దగ్గర తేలే లెక్క

చిత్తూరులో తిరుపతి బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికితే టికెట్ వెనక ఈ సంఖ్య రాసుకోండి: 3816547290. సెల్ నంబరులా ఉంది గానీ, మన దగ్గర 3తో మొదలయ్యే సెల్ నంబరు లేదు. 0 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఒక్కోసారే వచ్చాయి. బొటనవేలితో మూసి ఎడమ నుంచి ఒక్కో అంకే తెరవండి. 38 రెండో ఎక్కంలో పడుతుంది, 381 మూడో ఎక్కంలో, 3816 నాలుగో ఎక్కంలో. అలా చివరిదాకా, మొత్తం సంఖ్య పదో ఎక్కంలో.

ఇలాంటిది ఇదొక్కటే. నా మాట నమ్మొద్దు, మీరే పట్టుకోండి. పది అంకెల్ని అమర్చే తీర్లు 36,28,800. పూతలపట్టు వచ్చేలోపు వాటిని పదికి దించుదాం.

పదో స్థానం 0, కాబట్టి అయిదోది 5. సరి స్థానాల్లో సరి అంకెలే, మిగతావాటిలో బేసివే. మూడోది బేసి కాబట్టి, పోయిన పాఠంలోని 4 సూత్రం (చివరి రెండంకెల సంఖ్య 4తో పోవాలి) ప్రకారం నాలుగోది 2 లేదా 6. ఎనిమిదోదీ అంతే. ఇక రెండు, ఆరు స్థానాలకు 4, 8 మిగిలాయి. మొదటి మూడంకెల మొత్తం, మొదటి ఆరింటి మొత్తం రెండూ 3తో పోవాలంటే నాలుగు, అయిదు, ఆరు స్థానాల మొత్తమూ పోవాలి: 258, లేదంటే 654. అంతే. 8 సూత్రం (చివరి మూడంకెల సంఖ్య 8తో పోవాలి) కూడా పెడితే ఏడంకెల దాకా ఇవే మిగులుతాయి:

1472589, 7412589, 1896543, 9816543, 7896543, 9876543, 1836547, 3816547, 1896547, 9816547.

9 గురించి బెంగ అక్కర్లేదు, 1 నుంచి 9 దాకా కూడితే ఎలాగూ 45. తేల్చాల్సింది ఏడే.

7×11×13 = 1001. అంటే వెయ్యి, ఏడో ఎక్కంలోని 1001కి ఒకటి తక్కువ. అందుకే ప్రతి వెయ్యికీ చివరి మూడంకెల్లోంచి ఒకటి తీసేస్తే చాలు. 3816547లో వేలు 3816. అందులోనూ 3 వేలున్నాయి, 816−3 = 813. 813కీ 547కీ తేడా 266, అంటే 7×38. పడింది!

నేను మొదటిసారి ఆ 3ను తీసేయకుండా కలిపేశాను. 272 వచ్చింది. సంఖ్యే తప్పనుకుని చంద్రగిరి దాకా తల గోక్కున్నాను. మూడేసి అంకెల గుంపులకు గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారతాయి, అది మరవద్దు.

ఇంకొకటి నేనే చేస్తాను: 9876543. 876−9 = 867, 867−543 = 324. ఏడో ఎక్కంలో 322 ఉంది, 324 లేదు. కొట్టేయండి.

మిగతా ఎనిమిదీ మీవి. కాగితం మీద భాగహారం చేయకుండా, కూడికా తీసివేతలతోనే తేల్చాలి. వచ్చే పాఠంలో ఇదే 1001తో 11, 13 ల సంగతి చూద్దాం.