భ్రంశ తలం మీది గీతలు చదవడం

నల్లమల రోడ్డు కోతల్లాంటి చోట గట్టి క్వార్ట్‌జైట్ రాతి మీద నిగనిగలాడే పలక, దానిపై సమాంతర గీతలు కనిపిస్తే అది భ్రంశ తలం, అంటే బండలు విరిగి ఒకదాని వెంట ఒకటి జారిన తలం కావచ్చు.

బ్రష్‌తో మట్టి దులిపి, పైనుంచి నీటి చుక్క వదలండి. అది జారే దిశే వాలు. దానికి లంబంగా, తలం మీద మట్టంగా ఉండే గీత స్ట్రైక్. కంపాస్ (దిక్సూచి) అంచును స్ట్రైక్‌కు ఆనించి, దానిలో మట్టం చూపే బుడగ మధ్యకు వచ్చాక డిగ్రీలు రాసుకోండి. వాలు కోణాన్ని నీరు జారిన దారిలోనే కొలవాలి, పక్కకు తిరిగితే తక్కువ వస్తుంది. ఇనుప సుత్తి దూరంగా ఉంచండి. డోలరైట్ డైకుల (పగుళ్లలోకి చొచ్చి గట్టిపడిన నల్లటి రాతి గోడల) దగ్గర మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం వల్ల కూడా ముల్లు తప్పుతుంది.

తర్వాత స్ట్రైక్‌కూ గీతలకూ మధ్య కోణాన్ని తలం మీదే కోణమానినితో కొలవండి. 0కు దగ్గరైతే బండలు పక్కకు జరిగాయి, 90కి దగ్గరైతే పైకో కిందికో.

ఎటు జరిగాయన్నదే అసలు కష్టం. కాల్సైట్ ఖనిజం నారల్లా పెరిగిన చిన్న మెట్లుంటే అరచేత్తో నిమరండి. నున్నగా తగిలే దిశలోనే, ఇప్పుడు లేని ఎదుటి బండ కదిలింది. ఖనిజం పెరగని మెట్లు ఇందుకు విరుద్ధంగానూ ఏర్పడతాయి, వాటినే నమ్ముకోకండి. రెండు వరసల గీతలు ఒకదాన్నొకటి కోస్తే కదలిక రెండుసార్లు జరిగినట్టు. పైన పడిన వరస కొత్తది. వాటి సగటు తీస్తే ఏ కదలికకూ చెందని దిశ వస్తుంది, విడిగా రాయండి.

పగుళ్లకు బదులు క్వార్ట్జ్ రిబ్బన్లలా సాగి, మధ్యలో ఫెల్డ్‌స్పార్ గింజలు కళ్లలా మిగిలితే అది మైలొనైట్. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటిన లోతులో రాయి కరగకుండానే ప్రవహించింది. అక్కడ కొలవాల్సింది ఖనిజాలు సాగిన దిశ.